ఆటగాడు జట్టును వీడినపుడు అభిమాని వీడవలసినది ఏది?

‘అభిమానము’ అను పదమునకు తెలుగు వ్యవహారమునందు ఒక అర్థము, వేదాంతశాస్త్రమునందు మరియొక అర్థము కలదు. ఒక నటునికో, గాయకునికో, ఆటగానికో ‘అభిమాని’ అన్నచో వానిని ప్రేమించువాడని లోకము గ్రహించును. శాస్త్రము మాత్రము తాను కానిదానిని ‘నేను’ అనియు, తనది కానిదానిని ‘నాది’ అనియు భావించుటను అభిమానమనును. దేహాభిమానము, కులాభిమానము, ధనాభిమానము మొదలగు పదములందు కనిపించునది ఈ రెండవ అర్థమే. మొదటిది హృదయమునకు సంబంధించినది, రెండవది అహంకారమునకు సంబంధించినది. సామాన్యదినములందు ఈ రెండును పాలు నీరువలె కలిసియుండును. తాను ప్రేమించిన ఆటగాడు తన జట్టును వీడిపోయిన దినమున మాత్రము ఏది ప్రేమయో, ఏది అహంకారమో అభిమానికి వేరువేరుగా గోచరించును. చూడదలచినవానికి అది గొప్ప అవకాశము.

శ్రీకాకుళము జిల్లాలోని కోటబొమ్మాళి వంటి ఊళ్లకు 2025 ఆగస్టులో అట్టి అవకాశము వచ్చెను. ఆంధ్ర రంజీ జట్టునకు నాయకత్వము వహించిన హనుమ విహారి త్రిపుర జట్టునకు తరలిపోవుచున్నాడను వార్త ఆ నెలలో వెలువడెను. టీ దుకాణము ముందరి బల్లపై కూర్చుండి సెల్‌ఫోనులో అట్టి వార్త చదివిన యువకుని నోట మొదటి మాట ఎట్లుండునో ఉత్తరాంధ్ర ఎరిగినదే: “ఎలిపోనాడ్రా మనోడు.” ఈ చిన్నవాక్యమునందు వేదాంతవిచారణకు కావలసిన సామగ్రి అంతయు ఉన్నది. ‘ఎలిపోనాడు’ అనునది జరిగిన సంగతి. ‘మనోడు’ అనునది ఆ సంగతిపై మనస్సు ఆరోపించినది. బాధ మొదటి పదమునుండి పుట్టలేదు, రెండవ పదమునుండి పుట్టినది. ప్రతిదినము ఎందరో ఎచ్చటినుండియో ఎచ్చటికో వెళ్లుచునే యున్నారు. ఆ వెళ్లుటకు ‘మన’ అను రెండక్షరములు తోడైనపుడే అది శోకమగుచున్నది.

ఇట్టి సందర్భమున వినవచ్చు మాటలు నాలుగు విధములు. “పుట్టిన నేలకు ద్రోహము చేసెను” అనువారు కొందరు. “పోనిండు, ఎటులైనను పరుగులు చేయుట లేదు గదా” అనువారు కొందరు. ఆటగానిని విడిచి క్రికెట్ సంఘమును, సంఘమును విడిచి రాజకీయపక్షములను దూషించువారు మరికొందరు. “ఎచ్చట ఆడినను చల్లగా ఉండవలెను” అని ఒక్క మాటతో ముగించువారు బహుకొద్దిమంది. ఈ నాల్గవవారు ఆటగానిని గూర్చి పలుకుచున్నారు. తక్కిన మూడు తెగలవారును, తమకు తెలియకయే, తమను గూర్చి పలుకుచున్నారు.

ఎవరు ఎవరికి ‘మనవాడు’?

హనుమ విహారి 1993లో కాకినాడయందు జన్మించెను. 2012లో ప్రపంచకప్పు గెలిచిన భారత అండర్-19 జట్టులో సభ్యుడు. రంజీ పోటీలలో అతడు తొలుత ఆడినది హైదరాబాదు జట్టునకు. 2016లో ఆంధ్రకు వచ్చెను. 2021లో మరల హైదరాబాదునకు పోయెను. 2022లో మరల ఆంధ్రకు తిరిగివచ్చెను. 2025లో త్రిపురకు తరలెను.

ఈ క్రమమును నిదానముగా పరిశీలించినచో ఒక విచిత్రము కనిపించును. 2016లో హైదరాబాదు అభిమానికి ‘పోయినవాడు’ అయినవాడే ఆంధ్ర అభిమానికి ‘వచ్చినవాడు’ అయ్యెను. 2021లో ఈ పాత్రలు తారుమారయ్యెను, మరుసటి యేడు మరల తారుమారయ్యెను. ఒక్క మనుష్యుడు, ఒక్క ప్రయాణము. ఒకనికి అది ఆగమనము, మరియొకనికి నిర్గమనము. మసకవెలుతురులో త్రాటిని చూచి ఒకడు పామని భయపడును, మరియొకడు పూలదండయని సంతోషించును. త్రాడు మాత్రము తన స్వరూపమున తానుండును. ద్రోహియనియు, ఆత్మీయుడనియు పేర్లు పెట్టబడిన ఆటగాడు అట్టి త్రాడువంటివాడే.

‘పుట్టిన నేల’ అను ప్రమాణము కూడ విచారణయందు నిలువదు. తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు తన స్వస్థలపు పోటీలను విశాఖపట్టణమున కూడ ఆడినది. ఆ జట్టునకు 2014లో జరిగిన తొలి పోటీలు మొదలు 2018 వరకు వరుసగా ఆరు పర్యాయములు ఆడిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశమందలి బిజ్నోరు ప్రాంతమువాడు. తెలుగునేలతో అతనికి జన్మసంబంధము లేదు. అయినను కూతకు వెళ్లినపుడు తెలుగువారు ‘మనోడు’ అనియే కేకలు వేసిరి. 2019లో అతడు తమిళ్ తలైవాస్ జట్టునకు పోయినపుడు అదే నోళ్లు నొచ్చుకొన్నవి. కావున మమకారమునకు మూలము జన్మభూమి కాదు, అభ్యాసము. పలుమారు చూచుటచే, పలుమారు పేరు తలచుటచే, పలుమారు వాని గెలుపును తన గెలుపుగా అనుభవించుటచే చిత్తమున ఏర్పడిన వాసనయే ‘మనోడు’ అను మాటగా బయటపడుచున్నది. వాసనకు హేతువు తెలిసినచో దాని బలము సగము తగ్గును.

క్రోధమునుండి మరపునకు

భగవద్గీత రెండవ అధ్యాయమునందు పతనక్రమమొకటి ఉపదేశింపబడినది. విషయమును పదేపదే ధ్యానించుటచే సంగము, సంగముచే కామము, కామమునకు విఘ్నము కలుగగా క్రోధము, క్రోధముచే సమ్మోహము, సమ్మోహముచే స్మృతిభ్రంశము, దానిచే బుద్ధినాశము. ఈ క్రమమును వినిన సాధకుడు ఇది ఇంద్రియలోలురకు మాత్రమే సంబంధించినదని తలచుట కలదు. ఆట చూచువాని మనస్సును పరీక్షించినచో, ఈ సోపానములన్నియు ఒక్క సాయంకాలములోనే దిగబడుచున్నవని తెలియును. వీనిలో ‘స్మృతిభ్రంశము’ అను మెట్టు మిక్కిలి గమనింపదగినది. కోపము వచ్చినవాడు మొదట కోల్పోవునది జ్ఞాపకము.

2021 జనవరి 11వ తేదీ. సిడ్నీ మైదానమున ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు పోటీ చివరి దినము. భారతజట్టు లక్ష్యము 407 పరుగులు. అంతకుముందు ఆ పర్యటనలో విహారి పెద్దగా పరుగులు చేయలేదు. జట్టులో అతని స్థానమును గూర్చి సందేహములు వెలువడుచుండెను. పంత్, పుజారా వెనుదిరిగిరి, విహారికి తొడవెనుక కండరము పట్టివేసెను. పరుగెత్తుట అసాధ్యమయ్యెను. ఎదుట నిలిచిన అశ్విన్ నడుమునొప్పితో ఉండెను. ఆ ఇరువురును 40 ఓవర్లకు మించి నిలిచి, వికెట్టు పడకుండ దినము ముగించిరి. విహారి 161 బంతులాడి 23 పరుగులు, అశ్విన్ 128 బంతులాడి 39 పరుగులు చేసిరి. భారతము 5 వికెట్లకు 334 పరుగులతో ఓటమిని తప్పించుకొని, తదుపరి బ్రిస్బేన్ పోటీ గెలిచి ఆ పరంపరను 2-1తో కైవసము చేసికొనెను.

ఆనాడు ఆట సాగుచుండగనే ఒక కేంద్రమంత్రి, 109 బంతులాడి 7 పరుగులు చేసినవాడు గెలుపు ఆశను చంపివేసెనను భావముతో బహిరంగముగా విమర్శించెను. ఆ వ్యాఖ్యయందు ఆటగాని పేరులో ఒక అక్షరము తప్పుపడెను. విహారి వాదమునకు దిగలేదు, తన పేరును సరిగా వ్రాసి ఊరకుండెను. ఆ నిగ్రహము మైదానమున చూపిన నిగ్రహమునకు తోబుట్టువు. సాయంకాలమగునప్పటికి ఉదయము దూషించిన దేశమే అతనిని కీర్తించెను. కీర్తించినవారును దూషించినవారును వేరు మనుష్యులు కారు. ఫలము మారెను, దానితో మాట మారెను.

2022 జులైలో ఇంగ్లండునందలి ఎడ్జ్‌బాస్టన్ మైదానమున విహారి బెయిర్‌స్టో ఇచ్చిన క్యాచును జారవిడిచెను. బెయిర్‌స్టో అజేయముగా 114 పరుగులు చేయగా ఇంగ్లండు 378 పరుగుల లక్ష్యమును ఛేదించెను. సిడ్నీ అప్పుడు ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. విహారి టెస్టు పోటీలలో అదియే పదునారవది, ఆ పిమ్మట భారతజట్టులో అతనికి చోటు దొరకలేదు.

2023లో ఇండోరునందు మధ్యప్రదేశముతో రంజీ క్వార్టర్‌ఫైనల్ జరిగెను. వేగమైన బంతి తగిలి విహారి మణికట్టు ఎముక విరిగెను. కుడిచేతివాటము ఆటగాడైన అతడు విరిగిన చేతిని కాపాడుకొనుటకై ఎడమచేతివాటమున నిలబడి, ఒంటిచేతి బలముతో ఆంధ్ర కొరకు ఆడెను. ఆంధ్ర ఓడిపోయెను. ఆ దృశ్యమును చూచి కన్నీరు పెట్టినవారే, రెండేండ్లు గడచిన పిమ్మట ‘ద్రోహి’ అను పదమును తేలికగా పలుకగలిగినచో, దానికి స్మృతిభ్రంశమనియే పేరు. శాస్త్రము చెప్పిన మెట్టు సరిగా శాస్త్రము చెప్పినచోటనే ఉన్నది.

వీడుట ఎల్లప్పుడు ద్రోహమా?

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెతను తెలుగువారు తరచుగా వాడుదురు. విభీషణుడు లంకను వీడినపుడు రాక్షసులు అతనిని కులద్రోహి యనిరి. సముద్రతీరమున సుగ్రీవుడు శత్రుపక్షమువాడని శంకించెను. వీడినచోట ద్రోహియనియు, చేరినచోట అనుమానితుడనియు రెండు నిందలను ఒకేసారి మోసినవాడతడు. శ్రీరామచంద్రుడు అతనికి అభయమిచ్చెను. ఆ అభయమునకు విభీషణుని బలాబలములు కారణము కాలేదు, శరణాగతియే కారణమయ్యెను.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. క్రికెట్ జట్టు లంక కాదు, క్రికెట్ సంఘము రావణసభ కాదు. ఆటగాడు ధర్మరక్షణార్థము సముద్రము దాటుట లేదు, తన వృత్తికొరకు ఊరు మారుచున్నాడు. ఈ ఉదాహరణమునుండి గ్రహింపవలసినది ఒక్కటే. ‘వీడుట’ అను క్రియ తనంతట తాను పాపమును కాదు, పుణ్యమును కాదు. ఎందుకొరకు వీడెను, ఎట్లు వీడెను అనునవి దానికి రంగు నిచ్చును. కర్ణుడు దుర్యోధనుని వీడలేదు, ఆ వీడకుండుటను లోకము స్నేహధర్మమని మెచ్చుకొనుచునే, అధర్మపక్షమున నిలిచెనని నిట్టూర్చుచున్నది. కావున నిలిచియుండుట మాత్రమే నిష్ఠయనుట కూడ సరికాదు.

బ్యాటుధారికి స్వధర్మమేది? ఎదురైన బంతిని తన యావచ్ఛక్తితో ఎదుర్కొనుట. టోపీపైనున్న ముద్ర ఆ ధర్మమునకు ఉపాధి మాత్రమే. ముప్పది రెండేండ్లు నిండబోవు ఆటగానికి వృత్తికాలము కొద్దిగా మిగిలియుండును. పరిమిత ఓవర్ల పోటీలతో సహా ఆడు అవకాశము ఎచ్చట దొరకునో అచ్చటికి వెళ్లుట స్వధర్మమును ఆచరించుటకు చోటు వెదకికొనుటయే. జట్టు సంఘమునకును తన ధర్మము కలదు: యువకులకు చోటు కల్పించుట, జట్టు భవిష్యత్తును తీర్చిదిద్దుట. ఈ రెండు ధర్మములు ఒకచోట ఇమడనపుడు వియోగము సంభవించును. అన్ని వియోగములందును ఒక దోషిని వెదకుట రజోగుణపు అలవాటు.

వలస నెరిగిన నేల

ఈ విషయమున ఉత్తరాంధ్రకు ఎవరును క్రొత్తగా పాఠము చెప్పనక్కరలేదు. శ్రీకాకుళపు సముద్రతీరమందలి మత్స్యకారులు గుజరాతునందలి వేరావల్ రేవునకు పోయి నెలల తరబడి పడవలపై పని చేయుదురు. మెట్టపల్లెలవారు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై నగరములందు భవననిర్మాణపు పనులకు పోవుదురు. కోటబొమ్మాళి మీదుగా హౌరా-చెన్నై రైలుమార్గము సాగును. ఆ మార్గమున రైలెక్కి పొట్టచేతబట్టుకొని పోయినవారు లేని వీధి ఆ ప్రాంతమున కనిపించుట కష్టము.

వలసపోయినవానిని ఊరు ద్రోహియనదు. పంట పండని యేడు పోయినవానిని “ఇచ్చట చేతకాక పోయెను” అని ఎగతాళి చేయదు. తల్లి అన్నపుమూట కట్టి ఇచ్చి, చేరగానే ఫోను చేయుమని చెప్పును. కొత్తమ్మతల్లి జాతర వచ్చినపుడు పోయినవారు తిరిగివత్తురు. ఎంత సంపాదించుకొని వచ్చితివని తల్లి అడుగదు, ఎవరి కొలువులో చేసితివని అడుగదు. వచ్చినవాని నుదుట బొట్టు పెట్టును.

తన ఇంటి బిడ్డ విషయమున ఇంత విశాలమైన హృదయము, ఆటగాని విషయమున ఎందుకు ఇరుకగుచున్నది? బిడ్డపై నున్నది ప్రేమ. ఆటగానిపై నున్నదానిలో కొంత ప్రేమ, కొంత స్వామ్యభావము. టిక్కెట్టు కొని, రాత్రి మేల్కొని, వాదములాడి, వానిపై తనకొక హక్కు ఏర్పడినదని అభిమాని తలచుచున్నాడు. హక్కు కలదను తలపునుండియే “ఎట్లు పోయెను?” అను ప్రశ్న పుట్టుచున్నది. హక్కు లేదని తెలిసినపుడు “క్షేమముగా చేరెనా?” అను ప్రశ్న పుట్టును. ఒకే వార్త, రెండు ప్రశ్నలు. సాధకుడు తన నోట ఏ ప్రశ్న మొదట వెలువడెనో గమనించుకొన్న చాలును.

సముద్రమునకు ఆవల

ఇది ఒక్క దేశపు రోగము కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు విశ్వవిద్యాలయములందు చేరగానే అచ్చటి కళాశాల ఫుట్‌బాల్‌కు అభిమానులగుట సామాన్యము. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అనువాడు సారథి వంటివాడు. బంతి మొదట అతని చేతికి వచ్చును, ఎవరికి అందింపవలెనో అతడే క్షణములో నిశ్చయించును. గెలిచినచో కీర్తి అతనిది, ఓడినచో నింద అతనిది. 2018 అక్టోబరునుండి విద్యార్థి క్రీడాకారులు విశ్వవిద్యాలయము మారదలచినచో పేరు నమోదు చేసికొను విధానము అచ్చట అమలులోనికి వచ్చెను. పిమ్మట నిబంధనలు మరింత సడలెను. నేడు ప్రతి సంవత్సరము ఆట తడబడిన సారథులు ఎందరో విద్యాలయములు మారుచున్నారు, ప్రతి మార్పునకును అభిమానులు ఉడికిపోవుచున్నారు.

జేలెన్ హర్ట్స్ అలబామా విశ్వవిద్యాలయపు సారథి. 2018 జనవరిలో జరిగిన జాతీయ అంతిమపోటీలో ఆట సాగకపోగా సగములో అతనిని కూర్చుండబెట్టిరి. అతని స్థానమున దిగిన మరియొక యువకుడు జట్టును గెలిపించెను. అవమానమని తలచి ఆ క్షణమే పోవలసినవాడు పోలేదు. ఒక యేడు ప్రత్యామ్నాయపు ఆటగానిగా నిలిచి, అదే యేడు డిసెంబరులో ముఖ్యమైన ప్రాంతీయ అంతిమపోటీలో అవసరము పడగా దిగి జట్టును గట్టెక్కించెను. పిమ్మట 2019లో ఓక్లహోమా విశ్వవిద్యాలయమునకు మారెను. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జట్టును వృత్తిక్రీడలోని సర్వోన్నత విజయమునకు నడిపి, ఆ పోటీలో ఉత్తమ ఆటగాడయ్యెను. అతడు నిలిచినపుడును, వీడినపుడును చేసినది ఒక్కటే: తన పనిని తాను చేయుట. స్థానము మారెను, నిష్ఠ మారలేదు.

అందరికిని ఇట్టి విజయము లభింపదు. వీడిన ఆటగాడు క్రొత్తచోట విఫలుడు కావచ్చును. అప్పుడు “చూచితివా, పోయి ఏమి సాధించెను?” అను మాట వినవచ్చును. విజయముచేత వీడుట ఒప్పగుననుట ఎంత పొరపాటో, వైఫల్యముచేత తప్పగుననుట అంతే పొరపాటు. ఫలముతో కర్మను తూచు త్రాసు గీతాభ్యాసము చేయువాని చేతనుండదగినది కాదు.

ఆటగానికిని వర్తించు ధర్మము

విచారణ ఏకపక్షము కారాదు. ఆటగాడు కూడ క్రోధమునకు అతీతుడు కాడు. 2024 ఆరంభమున ఆంధ్ర జట్టు నాయకత్వము విహారి చేతినుండి మారెను. ఆ ఫిబ్రవరిలో ఇండోరునందు మరల మధ్యప్రదేశముతోనే జరిగిన క్వార్టర్‌ఫైనల్‌లో ఆంధ్ర 4 పరుగుల తేడాతో ఓడిపోయెను. అటుపిమ్మట విహారి తనను నాయకత్వమునుండి అన్యాయముగా తప్పించిరనియు, ఇకపై ఆంధ్రకు ఎన్నడును ఆడననియు బహిరంగముగా ప్రకటించెను. ఆంధ్ర క్రికెట్ సంఘపు వాదము వేరుగా ఉండెను. ఎన్నికలు సమీపించుటచే ఆ వివాదమునకు రాజకీయపు రంగు అంటెను. క్రికెట్ తెలియనివారు కూడ ఏదో ఒక పక్షమున నిలిచిరి. అదే యేడు పరిస్థితులు మారగా అతడు ఆంధ్రకే ఆడుటకు నిశ్చయించుకొని, మరుసటి ఋతువున ఆడెను.

ఎవరి వాదము సత్యమో నిర్ణయించుట ఇచ్చటి ప్రయోజనము కాదు. గాయపడిన మనస్సు చేసిన ‘ఎన్నడును’ అను ప్రతిజ్ఞ కొద్దినెలలు కూడ నిలువలేదనునది మాత్రము గమనింపదగినది. 161 బంతులపాటు నొప్పిని ఓర్చినవానికే మాటను ఓర్చుట కష్టమయ్యెను. ఇందువలన అతడు చిన్నవాడు కాలేదు. క్రోధము ఎంత బలవత్తరమో మాత్రము తెలియవచ్చినది. అతనిని నిందించు అభిమాని తన ‘ఎన్నడును’లను లెక్కించుకొన్నచో నింద నాలుక చివరనే ఆగిపోవును. 2025లో అతడు నిరభ్యంతరపత్రము తీసికొని, విధిప్రకారము వీడెను. పోరుతో వీడదలచిన నాటికంటె సెలవు తీసికొని వీడిన నాడు మేలు.

అభిమాని సాధన

అట్లయినచో ఆటను చూడరాదా? ఆటగానిని ప్రేమింపరాదా? కొందరు వైరాగ్యమను పేర ఇట్టి శుష్కోపదేశము చేయుదురు. ప్రేమను విడువుమని శాస్త్రము చెప్పలేదు, ప్రేమకు అంటిన ‘నాది’ అను మాలిన్యమును కడుగుమని చెప్పినది. పతంజలి మహర్షి చిత్తప్రసాదమునకు నాలుగు భావనలను ఉపదేశించెను: సుఖించువానియందు మైత్రి, దుఃఖించువానియందు కరుణ, పుణ్యశీలునియందు ముదిత, దోషమునందు ఉపేక్ష. ఇవి అరణ్యమునందు కూర్చున్న యోగికి మాత్రమే కాదు, టీ దుకాణపు బల్లపై కూర్చున్న అభిమానికిని ఉపయోగపడును.

ఆటగాడు నిలకడగా ఆడుచు సంతోషముగా నున్నపుడు మైత్రి. వాని సంతోషమును తన గొప్పగా మార్చుకొనక, మిత్రునివలె పంచుకొనవలెను. ఆటగాడు తడబడుచున్నపుడు కరుణ. పరుగులు రానిదినములు వానికి నిద్ర రాని దినములని జ్ఞప్తియందుంచుకొనవలెను. వీడిపోయినవాడు క్రొత్త జట్టునకు శతకము సాధించినపుడు ముదిత. అది తన జట్టుపైననే సాధించినను ఒక్క చప్పట్టు కొట్టగలిగినచో ఆ చప్పట్టు జపమాలలో ఒక పూసతో సమానము. వాడు ఆవేశమున తగని మాట పలికినపుడు ఉపేక్ష. అనగా నిర్లక్ష్యము కాదు, దానిని మోసికొని తిరుగకుండుట.

ఈ నాల్గింటిలో మిక్కిలి కష్టమైనది ముదిత. తనవాడు కానివాని గెలుపునకు హృదయపూర్వకముగా సంతోషించుట అహంకారమునకు మరణము వంటిది. అందుచేతనే ఆటస్థలము సాధకునికి మంచి పరీక్షాస్థలము. ఇంటియందు, కొలువునందు ఇట్టి పరీక్ష వచ్చినపుడు నష్టము పెద్దదిగా నుండును. ఆటయందు ఓడినను ప్రాణహాని లేదు, ధనహాని లేదు. చిన్న వియోగమున అభ్యసించినవాడు పెద్ద వియోగమున నిలువగలుగును. ఎవరి కొమారుడు దూరదేశమునకు పోడు? ఎవరి కొమార్తె అత్తవారింటికి పోదు? ఎవరి ప్రాణమిత్రుడు ఒకనాడు సెలవు తీసికొనడు? ‘మనోడు ఎలిపోనాడు’ అను వాక్యము ప్రతి జీవితమునందును పలుమారు వినబడును. దానిని కోపము లేకుండ వినుట నేర్చుకొనుటకు ఆటను మించిన పాఠశాల లేదు.

కోటబొమ్మాళి యువకుడు దక్షిణముగా కొంత దూరము ప్రయాణము చేసినచో శ్రీకూర్మక్షేత్రము చేరును. అచ్చట శ్రీమహావిష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుచున్నాడు. ఆలయప్రాంగణమున నక్షత్రతాబేళ్లు తిరుగుచుండును. గీతయందు స్థితప్రజ్ఞునకు ఉపమానముగా చెప్పబడినది తాబేలే. అది అవయవములను లోనికి తీసికొన్నట్లు జ్ఞాని ఇంద్రియములను విషయములనుండి మరల్చును. విహారి చేరిన త్రిపురయందు, ఉదయపూరునందు, 1501లో ధన్యమాణిక్య మహారాజు నిర్మించిన త్రిపురసుందరీ ఆలయము కలదు. అది శక్తిపీఠములలో ఒకటి. ఆలయమున్న గుట్ట తాబేటివీపువలె నుండుటచే దానిని కూర్మపీఠమందురు. ప్రక్కనున్న సరస్సునందును తాబేళ్లు ఉన్నవి.

వీడినచోటను కూర్మమే, చేరినచోటను కూర్మమే. ఆటగాడు ఒక కూర్మక్షేత్రపు నీడనుండి మరియొక కూర్మక్షేత్రపు నీడకు పోయెను. వెనుక మిగిలిన అభిమాని నేర్వవలసినదియు ఆ కూర్మము వద్దనే. బయటికి చాచిన ‘నాది’ అను అవయవమును లోనికి తీసికొని, ప్రేమను మాత్రము వెన్నుపై మోయగలిగినచో, పోయినవాడు ఎచ్చట నున్నను ఆశీస్సు చేరును.

స్వస్తి.